ఎస్కాఫ్లోనే: రోబోకి దెబ్బ తగిలితే రాజుకి రక్తం ఎందుకొస్తుంది

జపాన్ టీవీలో చాలా కాలం ఒక గీత ఉండేది, రోబోలు మగపిల్లలకి, ప్రేమకథలు ఆడపిల్లలకి. మాంగా పత్రికలు, అంటే బొమ్మల కథల పత్రికలు కూడా అలాగే విడిపోయి ఉంటాయి, మగపిల్లలకి షోనెన్ అని ఒక రకం, ఆడపిల్లలకి షోజో అని ఇంకో రకం, షాపుల్లో అరలు కూడా వేరే. 1996 ఏప్రిల్ 2న టీవీ టోక్యోలో మొదలైన 'ది విజన్ ఆఫ్ ఎస్కాఫ్లోనే' అనే యానిమే, అంటే జపాన్ బొమ్మల సీరియల్, సరిగ్గా ఆ గీత మీదే వచ్చి కూర్చుంది, సన్‌రైజ్ స్టూడియో తీసింది, 26 ఎపిసోడ్లు, సెప్టెంబర్ 24కి అయిపోయింది. ఇందులో కత్తులు పట్టుకుని తిరిగే రోబోలున్నాయి, డ్రాగన్లున్నాయి, బంగారు జుట్టు నైట్ ఉన్నాడు, రాజ్యం పోగొట్టుకున్న కుర్రరాజు ఉన్నాడు, వీళ్ళిద్దరి మధ్యలో నలిగిపోయే స్కూలు పిల్ల ఉంది.

దీని గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది చెప్పేది ఒకటే, "యాక్షనూ రొమాన్సూ రెండూ కలిపారు, అందుకే అందరికీ నచ్చింది" అని. ఇది సగమే కరెక్టు. రెండు రకాలు కలపడం పెద్ద విషయం కాదు, ఉప్మాలో జీడిపప్పు వేసినట్టు పైన నాలుగు ప్రేమ సీన్లు చల్లొచ్చు, వాటిని ఏరేసినా ఉప్మా ఉప్మాలాగే ఉంటుంది. ఎస్కాఫ్లోనేలో అలా ఏరడానికి కుదరదు. ఎందుకంటే ఈ కథలో రోబోని నడిపేదీ, ప్రేమని నడిపేదీ, చివరికి యుద్ధాన్ని నడిపేదీ కూడా ఒకటే వస్తువు, మనిషి మనసులో ఉన్న కోరిక. అది ఎలాగో చూడాలంటే ముందు కథలోకి వెళ్ళాలి.

హితోమి కన్జకి కామకురాలో స్కూలుకెళ్ళే పదిహేనేళ్ళ అమ్మాయి, 100 మీటర్లు పరిగెత్తుతుంది, టారో కార్డులతో జోస్యం చెబుతుంది, ఆ జోస్యం ఎక్కువసార్లు నిజమవుతుంది కాబట్టి ఫ్రెండ్స్‌లో మంచి పేరుంది. సీనియర్ అమానో అంటే ఇష్టం, అతనేమో ఊరొదిలి వెళ్ళిపోతున్నాడు. అందుకని ఒక పందెం పెడుతుంది, 13 సెకన్లలో 100 మీటర్లు పరిగెడితే మొదటి ముద్దు ఇవ్వమని. ఆమె మెడలో అమ్మమ్మ ఇచ్చిన లాకెట్ ఉంటుంది, అది ఊగితే సరిగ్గా సెకనుకోసారి ఊగుతుంది, గడియారం లాగా. పరుగు మొదలవుతుంది, మధ్యలో ఒక వెలుగు స్తంభం దిగి, అందులోంచి కత్తి పట్టుకున్న ఒక కుర్రాడు ఊడిపడతాడు, అతని వెనకాలే డ్రాగన్. ఆ కుర్రాడు ఫనేలియా అనే చిన్న రాజ్యానికి కాబోయే రాజు వాన్ ఫనెల్, డ్రాగన్‌ని చంపి దాని గుండెలో ఉన్న మణి తీసుకెళ్తేగాని పట్టాభిషేకం జరగదు. డ్రాగన్ వాన్‌ని పొడిచేయడం హితోమికి ముందే కనిపిస్తుంది, అరిచి చెబుతుంది, దాంతో అతను బతుకుతాడు. బతికినందుకు థాంక్స్ చెప్పాల్సింది పోయి నిన్నెవరు సాయం అడిగారన్నట్టు మాట్లాడతాడు, చెంప పగలగొట్టించుకుంటాడు. మొదటి ఎపిసోడ్‌లోనే వీళ్ళిద్దరి వ్యవహారం ఏంటో తెలిసిపోతుంది.

మళ్ళీ అదే వెలుగు ఇద్దర్నీ గైయా అనే లోకానికి ఎత్తుకుపోతుంది. అక్కడ ఆకాశంలో చందమామ పక్కనే మన భూమి కూడా వేలాడుతూ కనిపిస్తుంది, అక్కడోళ్ళు దాన్ని 'మాయ చంద్రుడు' అంటారు. సిరీస్ మొత్తంలో గుర్తుండిపోయే బొమ్మ అదే, ఎందుకంటే ఇంటికి దూరమైన పిల్లకి ఇల్లు రోజూ రాత్రి నెత్తి మీదే కనిపిస్తూ ఉంటుంది, చెయ్యి మాత్రం అందదు.

ఇప్పుడు రోబోల సంగతి. వీటిని గైమెలెఫ్‌లు అంటారు. మామూలు రోబో యానిమేలో ఉండే లేజర్లు, మిస్సైళ్ళు, కంప్యూటర్ తెరలు వీటికి ఉండవు, ఇవి పెద్ద సైజు కవచాలు, భుజాల మీద గుడ్డ కేప్ వేలాడుతూ ఉంటుంది, చేతిలో కత్తి ఉంటుంది, కీళ్ళల్లోంచి ఆవిరి వస్తుంది. లోపల కూర్చున్న మనిషి చెయ్యి ఎత్తితే అదీ ఎత్తుతుంది. డిజైన్ చేసింది కిమితోషి యమనే, రెండేళ్ళ తర్వాత 'కౌబాయ్ బీబాప్' అనే యానిమేకి స్పేస్‌షిప్పులు గీసింది కూడా ఈయనే. ఆ పని ఈ పని పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే చేతి నుంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు, ఒకటి తుప్పు పట్టిన పాత బండిలా ఉంటే ఇంకోటి కోటలో నిలబెట్టిన విగ్రహంలా ఉంటుంది.

వీటిల్లో ఎస్కాఫ్లోనే స్పెషల్. ఇస్పానో అనే ఒక రహస్య జాతి చేసిచ్చింది, ఫనేలియా రాజవంశం సొత్తు, డ్రాగన్ గుండె మణి పెట్టి రాజు తన రక్తం దాని మీద ఒలికిస్తే లేస్తుంది. కావాలంటే డ్రాగన్ ఆకారంలోకి మారి ఎగురుతుంది, అప్పుడు రాజు గుర్రం మీద నిలబడినట్టు దాని వీపు మీద నిలబడి కళ్ళేలు పట్టుకుని తోలతాడు. ఇంతవరకూ బొమ్మల కంపెనీకి పనికొచ్చే సరుకే, మారే రోబో అంటే పిల్లలు కొంటారు. కానీ కథ మధ్యలో ఒక మెలిక వస్తుంది, ఆ రక్త ఒప్పందం రెండు వైపులా పనిచేస్తుందని తెలుస్తుంది. ఎస్కాఫ్లోనేకి గాయమైతే వాన్ ఒంటి మీద అదే చోట గాయం తేలుతుంది, అది విరిగితే ఇతను చస్తాడు. ఇస్పానో వాళ్ళు వచ్చి దాన్ని రిపేర్ చేస్తుంటే ఇక్కడ వాన్ మంచం మీద మెలికలు తిరుగుతుంటాడు.

తెలుగు వాళ్ళకి ఇదేమీ కొత్త కాదు, బాలనాగమ్మ కథలో మాయల పకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉన్నట్టే. తేడా ఏంటంటే మన పకీరు ప్రాణం ఎవరికీ దొరక్కుండా దూరంగా దాచుకున్నాడు, ఈ కుర్రాడు ప్రాణం తీసుకెళ్ళి యుద్ధంలో అందరికంటే ముందు వరసలో పెట్టాడు. దాంతో ఫైట్ సీన్ల అర్థమే మారిపోతుంది. వాన్ కోపంతో ఊగిపోతూ యుద్ధానికి దిగిన ప్రతిసారీ రోబోతో అతను ఇంకా గట్టిగా కలిసిపోతుంటాడు, గెలుస్తాడు, గెలిచినకొద్దీ మనిషి తగ్గిపోతుంటాడు. అతన్ని మళ్ళీ మనిషిగా బయటికి లాగేది హితోమి పిలుపే. రోబోకీ ప్రేమకీ లంకె కుదిరింది ఇక్కడ. 

రక్తం కారే రోబో అనగానే 'ఎవాంజెలియాన్' అనే ఇంకో రోబో సిరీస్ గుర్తుకు రావడం సహజం, అదీ టీవీ టోక్యోలోనే వచ్చింది, 1996 మార్చి చివర్లో అయిపోయింది, వారం తిరక్కుండా ఎస్కాఫ్లోనే మొదలైంది. అయితే ఎవాంజెలియాన్‌ని చూసి ఎస్కాఫ్లోనే తీశారు అనడం మాత్రం తప్పు, ఎందుకంటే ఎస్కాఫ్లోనే ఐడియా అంతకు చాలా ముందే పుట్టి, మధ్యలో ఆగిపోయి, మళ్ళీ లేచింది. ఆ ఆగిపోవడమే దానికి మేలు చేసింది కూడా.

మూల ఆలోచన షోజి కవమోరిది. 'మాక్రాస్' అనే రోబో సిరీస్‌లో విమానం రోబోగా మారే డిజైన్ చేసిన మనిషి ఈయన. నేపాల్ తిరిగొచ్చాక ఒక మాయాలోకం కథ చెయ్యాలనిపించింది, బెర్ముడా ట్రయాంగిల్, అట్లాంటిస్, జాతకం, విధి ఇవన్నీ కలిసిన కథ. మొదట్లో డైరెక్టర్‌గా యసుహిరో ఇమగవా ఉన్నాడు, ఎస్కాఫ్లోనే అనే పేరు ఆయన పెట్టిందే అంటారు, ఆయన 'గుండం' అనే రోబో యానిమేల వరసలో ఒక సిరీస్ చెయ్యడానికి వెళ్ళిపోవడంతో ప్రాజెక్టు మూలపడింది. అప్పటి హితోమి వేరే, పొడుగు జుట్టు, కాస్త అమాయకం, మగపిల్లల పత్రికలకి సరిపోయే బొమ్మ. ఆ పాత రూపం కాత్సు అకి గీసిన మాంగాలో కనిపిస్తుంది, యానిమే లేటయ్యింది గానీ మాంగా 1994లోనే షోనెన్ ఏస్ పత్రికలో మొదలైపోయింది. యానిమే చూసి తర్వాత ఆ మాంగా తెరిచిన వాళ్ళకి ఇదెవరు అనిపించడం ఖాయం.

తర్వాత కజుకి అకనే డైరెక్టర్‌గా వచ్చాడు. అప్పటికే ఆడపిల్లల యానిమే 'సెయిలర్ మూన్' దుమ్ము రేపుతోంది, ఆడపిల్లలు యానిమే చూస్తారు, అందంగా ఉన్న మగ పాత్రల్ని గుండెల్లో పెట్టుకుంటారు అని అందరికీ తెలిసిపోయింది. అకనే కథని ఆ వైపు తిప్పాడు. హితోమి జుట్టు కత్తిరించి రన్నర్‌ని చేశారు, మగ పాత్రలు అందగాళ్ళయ్యారు, నోబుతెరు యూకి డిజైన్లలో ముక్కులు ఎంత పొడుగ్గా, మొనదేలి ఉంటాయంటే ఇప్పటికీ ఫ్యాన్స్ జోకులేసుకుంటారు, పక్కకి తిరిగితే కత్తి అక్కర్లేదు ముక్కుతోనే పొడిచేస్తారు అని. కానీ ఆ ముక్కుల వల్లే అందరి మొహాలూ ఒకేలా లేకుండా పాత యూరప్ పెయింటింగుల్లో మనుషుల్లా ఉంటాయి, ఫెయిరీటేల్ పుస్తకంలో బొమ్మల్లా ఉంటాయి, కాబట్టి అది ఊరికే స్టైల్ కాదు.

రోబో కథగా పుట్టి, సగం దారిలో ఆడపిల్ల చూపు నుంచి మళ్ళీ రాసుకున్న కథ ఇది. అందుకే యుద్ధం ఎప్పుడూ పైలట్ సీటులోంచి మాత్రమే కనిపించదు, కింద నిలబడి చూస్తున్న అమ్మాయి వైపు నుంచి కూడా కనిపిస్తుంది. హితోమి అంటే జపనీస్‌లో కనుపాప అని అర్థం. ఆమె కన్ను లేకపోతే వాన్ మొదటి యుద్ధంలోనే అయిపోయేవాడు, ఎందుకంటే శత్రువుల గైమెలెఫ్‌లు కంటికి కనిపించకుండా మాయమై వచ్చి ఫనేలియాని తగలబెడతాయి, అవి ఎక్కడున్నాయో కనిపించేది ఆమెకి ఒక్కదానికే. 

దాని వల్ల ఒక చిక్కు కూడా వస్తుంది. వాన్‌కి ఆమె కావాలా, ఆమె చూపు కావాలా? ఒకచోట వాన్ చాలా సీరియస్‌గా నువ్వు నాకు కావాలి అంటాడు, హితోమి గుండె ఝల్లుమంటుంది, వెంటనే వాడు నీ శక్తి కావాలి, యుద్ధానికి అంటాడు. మళ్ళీ చెంపదెబ్బ. నవ్వొచ్చే సీనే గానీ కథలో మేకు దిగేది అక్కడే, మనిషిని ఆయుధంగా వాడుకోవడం శత్రువులు చేస్తున్న పని, హీరో కూడా అదే చేస్తే తేడా ఏంటి అని.

హితోమిని ఊరించే రెండో మనిషి అలెన్ షెజార్. అస్టూరియా రాజ్యంలో నైట్, పొడుగు బంగారు జుట్టు, మర్యాద, కత్తి, సొంత ఓడ, పైగా అచ్చం అమానోలా ఉంటాడు. కథల పుస్తకంలో రాకుమారుడు ఎలా ఉండాలో అలాగే ఉంటాడు. ఫెయిరీటేల్‌ని ఈ సిరీస్ ఎలా వాడుకుంటుందో చూడాలంటే అలెన్‌ని చూస్తే చాలు. పైకి అన్నీ ఆ లెక్క ప్రకారమే పెట్టి లోపల ఒక్కొక్కటే తెరుస్తారు. ఈ మచ్చలేని నైట్‌కి అస్టూరియా పెద్ద రాకుమారి మార్లీన్‌తో పాత ప్రేమ ఉంది, ఆమెకి వేరే రాజుతో పెళ్ళయింది, ఆమె కొడుకు చిడ్ నిజానికి అలెన్ కొడుకే, ఆ పిల్లాడికి తెలీదు. ఆమె చనిపోయింది, ఇప్పుడు ఆమె చెల్లెలు మిల్లెర్నా అలెన్‌ని ప్రేమిస్తోంది. చిన్నప్పుడు ఇల్లొదిలి వెళ్ళిపోయిన తండ్రి మీద కోపం, తప్పిపోయిన చెల్లెలి మీద బెంగ. ఇవన్నీ బయటపడేసరికి బంగారు జుట్టు బంగారు జుట్టులాగే ఉంటుంది గానీ రాకుమారుడు మాత్రం ఉండడు, ఏ ఆడమనిషిలోనైనా పోయినవాళ్ళనే వెతుక్కునే మనిషి మిగులుతాడు. 

వాన్ విషయంలో దీనికి తిరగేసి చేశారు. మొదట్లో మొరటోడు, తర్వాత రెక్కలు బయటపడతాయి, తెల్లటి పెద్ద రెక్కలు, హితోమి పడిపోతుంటే పట్టుకోవడానికి చొక్కా చింపుకుని విప్పుతాడు. గైయాలో ఆ రెక్కలున్న జాతి అంటే శాపం, అపశకునం, అందుకే దాచుకుని బతికాడు. దేవదూత రెక్కల్ని సిగ్గుపడాల్సిన విషయం చెయ్యడం మంచి ఊహ.

ఇక అసలు విషయం, విధి. యుద్ధం చేస్తున్న జైబాక్ సామ్రాజ్యానికి చక్రవర్తి డోర్న్‌కిర్క్, యంత్రాలకి తగిలించుకుని బతుకుతున్న ముసలాయన. ఆయన భవిష్యత్తుని లెక్కగట్టే ఒక పెద్ద యంత్రం కట్టుకున్నాడు. ఆయన కూడా భూమి నుంచి వచ్చినవాడే, చెట్టు నుంచి యాపిల్ పడడం చూసి గురుత్వాకర్షణ సూత్రం కనిపెట్టినవాడు, అంటే న్యూటన్. వస్తువులు ఎటు పడతాయో లెక్క చెప్పగలిగినప్పుడు మనుషుల బతుకులు ఎటు పడతాయో ఎందుకు చెప్పలేం అనేది ఆయన పాయింటు. వినడానికి కామెడీగా ఉంటుంది, కథ రాసేవాళ్ళు ఎవరూ దొరక్క న్యూటన్‌ని విలన్ చేశారా అని. కానీ నిజం న్యూటన్ గురించి కాస్త తెలిసినవాళ్ళకి అంత విడ్డూరం అనిపించదు. 1687లో ప్రిన్సిపియా అచ్చేసిన ఆ మనిషే రసవాదం మీద, బైబిల్ జోస్యాల మీద ఏళ్ళ తరబడి గుట్టలు గుట్టలుగా రాసుకున్నాడు. సైన్సూ జోస్యమూ ఆయన గదిలో ఒకే బల్ల మీద ఉండేవి. ఎస్కాఫ్లోనే ఆ రెండో న్యూటన్‌ని తీసుకొచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టింది.

అటు చూస్తే విధిని లెక్కగట్టే యంత్రం, ఇటు చూస్తే టారో కార్డులు పట్టుకున్న పదిహేనేళ్ళ పిల్ల. ఇద్దరూ చేసేది ఒకే పని, రాబోయేది చెప్పడం. ఇద్దరికీ ఒకే జబ్బు కూడా ఉంది, రాబోయేది తెలిస్తే దాన్ని సరిచెయ్యొచ్చు అనుకోవడం. విలనూ హీరోయినూ ఇద్దరూ జ్యోతిష్కులే అయిన రోబో సిరీస్ ఇంకోటి వెతకడం కష్టం.

ఈ రెండు దారులూ కలిసేది 'బంగారు ప్రేమ సూత్రం' అనే పేరుతో జైబాక్ వాళ్ళు చేసే ఆపరేషన్‌లో. సిరీస్‌లో అన్నిటికంటే తెలివైన ముక్క ఇదే. హితోమీ వాన్ కలిసి ఉంటే వాళ్ళ కోరిక బలానికి యంత్రం లెక్కలు తప్పుతున్నాయి, కాబట్టి వాళ్ళని విడదీయాలి, విడదీయడానికి సైన్యాన్ని పంపరు, హితోమికీ అలెన్‌కీ ప్రేమ కుదిరేలా పరిస్థితుల్ని తిప్పుతారు. వాన పడుతుంది, వంతెన, ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడతారు, ముద్దు పెట్టుకుంటారు, అటు వస్తున్న వాన్ చూస్తాడు. షోజో కథల్లో వందసార్లు చూసిన సీనే, వానలో ముద్దు, చాటుగా చూసిన మూడో మనిషి. మామూలుగా దీన్ని యాదృచ్ఛికం అని వదిలేస్తాం, కథ కాబట్టి అలా కలిసొచ్చింది అనుకుంటాం. ఇక్కడ ఆ కలిసిరావడాన్నే శత్రుదేశం లేబొరేటరీలో తయారు చేసింది. అంటే ప్రేమకథల్లో రచయిత చేసే పనిని ఈ కథలో విలన్ చేస్తున్నాడు. చూసేవాళ్ళకి హితోమి-అలెన్ జంట నచ్చినా కూడా మనసులో ఒక ముల్లు ఉండిపోతుంది, ఆ పిల్ల నిజంగానే ఇష్టపడిందా, ఇష్టపడేలా చేశారా? ఆ మాటకొస్తే అమానోలా ఉన్నాడని ఇష్టపడడం మాత్రం ఎంతవరకు సొంత ఇష్టం? సిరీస్ దీనికి నేరుగా జవాబు చెప్పదు, చెప్పకపోవడమే బాగుంది.

దాని వెంటనే మిల్లెర్నా పెళ్ళి వస్తుంది. డ్రైడెన్ అనే వ్యాపారితో పెళ్ళి కుదురుతుంది, మనసు అలెన్ మీద ఉంది, చేసుకోవాలా వద్దా అని హితోమి దగ్గరికే వచ్చి కార్డులు చూడమంటుంది. కార్డుల్లో మంచి రాలేదు. హితోమి అబద్ధం చెబుతుంది, చేసుకో బాగుంటుంది అంటుంది. ఎందుకంటే మిల్లెర్నా పెళ్ళయిపోతే అలెన్‌కి అడ్డు ఉండదు. అప్పటిదాకా మనం మంచి పిల్ల అనుకున్న హీరోయిన్ చేసిన పని అది, దాన్ని సిరీస్ వెనకేసుకు రాదు, ఆ పెళ్ళి మీద దాడి జరుగుతుంది, మంటలు, శిథిలాలు. జోస్యం చెప్పేవాళ్ళకి సొంత కోరిక ఉంటే ఏమవుతుందో అదే అయింది. చిలక జోస్యం చెప్పే మనిషికైనా మన మొహం చూసి మాట మార్చే అవకాశం ఉంటుంది, కార్డుది తప్పేం లేదు, నోటిదే.

ఇక్కడి నుంచి హితోమికి ఒక భయం పట్టుకుంటుంది, తను చెడు జరుగుతుందని భయపడడం వల్లే చెడు జరుగుతోందేమో అని. ఇప్పటిదాకా ఆమె చూపు భవిష్యత్తుని చూస్తోంది అనుకున్నాం, అది భవిష్యత్తుని తయారు చేస్తోంది కూడా అని తేలుతుంది. గైయా లోకం పుట్టిందే అలా కదా, అట్లాంటిస్ వాళ్ళు కోరికల్ని నిజం చేసే శక్తి కనిపెట్టి దానితోనే నాశనమయ్యారు, మిగిలినవాళ్ళ కోరికలోంచి పుట్టిన లోకం ఇది. డోర్న్‌కిర్క్ చివరికి కట్టాలనుకున్నది కూడా అదే, ప్రతి మనిషి కోరికా తీరే ఒక ప్రదేశం. చెప్పుకోడానికి స్వర్గంలా ఉంటుంది. నిజంగా యంత్రం ఆన్ చేసేసరికి ఏమైందంటే జైబాక్‌ని ఓడించడానికి కలిసొచ్చిన రాజ్యాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఎందుకంటే వాళ్ళ లోపలి కోరిక అదే. బస్రమ్ అనే దేశం పేల్చిన ఒక్క బాంబుతో రెండువైపుల సైన్యాలూ ఆవిరైపోతాయి, జపాన్‌లో తీసిన బొమ్మలో అలాంటి బాంబు దేన్ని గుర్తు చేస్తుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. వాన్, అలెన్ కూడా ఒకరి మీద ఒకరు కత్తులు దూస్తారు. 

ఇంత ఉన్నా సిరీస్‌లో లోపాలు తక్కువేం కాదు. మొదట 39 ఎపిసోడ్లు అనుకున్నారు, డబ్బులు చాలక 26కి దింపారు, అయితే కథని మాత్రం పెద్దగా తగ్గించలేదు. అందుకే ఎపిసోడ్లు కిక్కిరిసిన బస్సులా ఉంటాయి, మొదటి కొన్ని ఎపిసోడ్లకి టీవీ టైమ్‌లో పట్టక కోసేసిన సీన్లని తర్వాత హోమ్ వీడియోలో మళ్ళీ చేర్చారు. దీనికి బాగా బలైంది డిలాండౌ పాత్ర. నిప్పు అంటే పిచ్చి ఉన్న జైబాక్ కమాండర్, చెంప మీద వాన్ పెట్టిన గాటుని తడుముకుంటూ తిరుగుతుంటాడు, మినామి తకయమ గొంతులో ఆ నవ్వు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. చివర్లో తెలుస్తుంది ఇతను అలెన్ తప్పిపోయిన చెల్లెలు సెలీనా అని, చిన్నప్పుడు జైబాక్ మాంత్రికులు ఎత్తుకెళ్ళి విధి మార్చే ప్రయోగంలో ఆడపిల్లని మగవాడిగా మార్చేశారని. ఇది మామూలు ట్విస్ట్ కాదు, ఈ కథ చెప్పదల్చుకున్నదంతా ఒకే ఒంట్లో ఉంది, విధిని బయటివాళ్ళు రాస్తే మనిషి ఏమవుతాడో. అలాంటిదాన్ని చివరి కొన్ని ఎపిసోడ్లలో హడావిడిగా చెప్పేసి పోయారు. ఆ పోయిన 13 ఎపిసోడ్లలో సగమైనా డిలాండౌకి దక్కేవేమో. వాన్ అన్న ఫోల్కెన్ విషయంలోనూ అంతే, శత్రువు పక్షాన వ్యూహాలు నడిపినవాడు ఇటు తిరిగి, డోర్న్‌కిర్క్‌ని నరికితే విరిగిన కత్తి ముక్క తిరిగొచ్చి తననే పొడుస్తుంది, సీన్ బ్రహ్మాండంగా ఉంటుంది గానీ ఏడవడానికి టైమ్ ఇవ్వరు.

కథ పరుగెత్తిన చోట్ల పడిపోకుండా పట్టుకున్నది మ్యూజిక్. యోకో కన్నో, హజిమె మిజోగుచి కలిసి చేశారు, కొంత భాగం వార్సా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో రికార్డు చేశారు, టీవీ సిరీస్‌కి అది మామూలు ఖర్చు కాదు. ఎస్కాఫ్లోనే లేచేటప్పుడు కోరస్ దాని పేరునే మంత్రంలా జపిస్తుంది, రోబో అనే సంగతి మర్చిపోయి గుళ్ళో విగ్రహం కళ్ళు తెరిచినట్టుంటుంది. హితోమికి గొంతిచ్చిన మాయా సకమోతోకి అప్పుడు 16 ఏళ్ళు, ఓపెనింగ్ పాట కూడా ఆమెదే, ఆమె మొదటి సింగిల్. పాట పేరుకి అర్థం 'ప్రమాణాలు అక్కర్లేదు' అని. రోబో సిరీస్ ఓపెనింగ్ అంటే ట్రంపెట్లు, కేకలు అలవాటైన చెవులకి ఒక స్కూలు పిల్ల గొంతు తేలికగా వినిపించడం అప్పట్లో ఎలా ఉండి ఉంటుందో.

ఈ కథలోంచి ప్రేమని ఏరేస్తే ఏమవుతుంది అనేదానికి ఊహ అక్కర్లేదు, అమెరికాలో చేసి చూశారు. 2000 ఆగస్టులో ఫాక్స్ కిడ్స్ దీన్ని మగపిల్లల యాక్షన్ షోగా వెయ్యాలనుకుంది. మొదటి ఎపిసోడ్ మొత్తం తీసేశారు, అంటే పరుగు పందెం లేదు, అమానో లేడు, లాకెట్ పరిచయం లేదు, కథ నేరుగా గైయాలో మొదలవుతుంది. మిగతా ఎపిసోడ్లూ కత్తిరించారు, కన్నో మ్యూజిక్‌ని చాలాచోట్ల మార్చేసి టెక్నో బీట్ పెట్టారు. అమానో ఎవరో తెలియని ప్రేక్షకుడికి అలెన్‌ని చూసి హితోమి ఎందుకు బిగుసుకుపోయిందో ఎలా అర్థమవుతుంది? పది ఎపిసోడ్లకే ఆపేశారు. అదే కత్తిరింపు పడని సిరీస్‌ని వీడియోల్లో చూసిన అమెరికా ఫ్యాన్స్ దాన్ని నెత్తిన పెట్టుకున్నారు, ఎంతగా అంటే సిరీస్ మొదట వచ్చిన ఇరవై ఏళ్ళకి, 2016లో, కొత్త ఇంగ్లిష్ డబ్బింగ్ కోసం ఫ్యూనిమేషన్ అనే కంపెనీ కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో డబ్బు అడిగితే జనం ఇచ్చారు.

2000 జూన్‌లో సినిమా కూడా వచ్చింది, డైరెక్టర్ అకనేనే, సన్‌రైజ్‌తో పాటు బోన్స్ పనిచేసింది, ఎస్కాఫ్లోనే సిరీస్‌కి ప్రొడ్యూసర్‌గా ఉన్న మసహికో మినామి బయటికొచ్చి పెట్టుకున్న స్టూడియో అది. కథ మళ్ళీ మొదటి నుంచి చెప్పారు, హితోమి ఇందులో బతకాలని లేని పిల్ల, ఎప్పుడూ నిద్రపోవాలనుకునే పిల్ల, ఎస్కాఫ్లోనే లోహంలా కాకుండా కండలూ నరాలూ ఉన్న జంతువులా ఉంటుంది. చూడ్డానికి టీవీ సిరీస్ కంటే చాలా బాగుంటుంది, బొమ్మ ప్రతి ఫ్రేములో డబ్బు కనిపిస్తుంది. కానీ గంటన్నరలో టారో లేదు, న్యూటన్ లేడు, వంతెన మీద వాన లేదు, మిల్లెర్నాకి చెప్పిన అబద్ధం లేదు. అబద్ధం ఆడని హితోమి అంత గుర్తుండదు.

టీవీ సిరీస్ ముగింపు మీద గొడవ మాత్రం ఇప్పటికీ తెగలేదు. యుద్ధం అయిపోతుంది, ఇద్దరికీ ఇష్టమని ఇద్దరికీ తెలుసు, హితోమి భూమికి వెళ్ళిపోతుంది. ఎందుకు వెళ్ళింది, ఉండిపోవచ్చుగా అని అడిగేవాళ్ళు చాలామంది, ఇరవై ఆరు ఎపిసోడ్లు కూర్చుని చూసినవాళ్ళకి ఆ మాత్రం హక్కుంది. కథ లోపలి నుంచి చూస్తే వేరే దారి కనిపించదు. ఆమె ఉండిపోతే వాన్‌కి మళ్ళీ కన్ను అవుతుంది, కార్డు అవుతుంది, ఆపద వస్తే అందరూ ఆమె మొహమే చూస్తారు. వెళ్ళేముందు అమ్మమ్మ లాకెట్ వాన్‌కి ఇచ్చేస్తుంది, అంతకుముందు కథలో తెలుస్తుంది ఆ అమ్మమ్మ కూడా చిన్నప్పుడు ఒకసారి గైయాకి వచ్చిందని, ఆ లాకెట్ ఆమెకి ఇచ్చింది అలెన్ తండ్రి అని. వచ్చిన చోటికే చేరింది. వాన్ ఎస్కాఫ్లోనే గుండెలోంచి మణి తీసి దాన్ని నిద్రపుచ్చుతాడు. హితోమి మళ్ళీ స్కూలుకి వెళ్తుంది, మామూలు జనం మధ్యలో తలెత్తి చూస్తే వాన్ కనిపిస్తాడు, రెక్కలతో, మెడలో ఆ లాకెట్‌తో. ఆమె చేతిలో కార్డులు లేకుండా, ఆమె మెడలో లాకెట్ లేకుండానే కనిపిస్తాడు, ఆమె నవ్వుతుంది.